చిల్లర పెట్టె పక్కన

వాల్పరాయిసోలో మా కొండబండి
కింది గది నుంచి పై గదికి డెబ్బై సెకన్లు.
ఆలోగా ఒక పేజీ అవుతుంది, నవలైతే.
బతుకు బాగుచేసే పుస్తకమైతే మూడు.

ముందే చెబుతున్నా, నేను పండితురాలిని కాను.
ఇరవై రెండేళ్లుగా టికెట్లు చింపే మనిషిని.
జనం సీట్ల మీద మరిచిపోయినవీ,
ఆదివారం సంతలో నోల్ఫా కిలో లెక్కన అమ్మేవీ
నా చదువు.

మొన్నటి నవలలో
ఒక దీపస్తంభం కాపలావాడు
నూట పది పేజీల దాకా నోరు విప్పడు.
విసుగొచ్చి రెండుసార్లు మూసేశాను,
ఒకసారి దాని మీద టీ కప్పు కూడా పెట్టాను.
నూట పదకొండో పేజీలో వాడు
చచ్చిపోయిన చెల్లెలి చెప్పులకు
కొత్త మేకులు కొట్టించుకొస్తాడు.
అంతే. ఎందుకో చెప్పడు.
కింద గంట రెండుసార్లు మోగింది,
బౌదిలియో ఫోన్లో అరిచాడు,
బండి కదల్లేదు.
ఆ ఆలస్యానికి రాసినవాడిదే పూచీ.

తర్వాత, తెల్లారి నాలుగింటికే లేవమన్న పుస్తకం.
నేను నాలుగున్నరకి లేస్తాను,
గ్రీజు డబ్బా మోసుకుంటూ చక్రాల దగ్గరికి.
నాకూ ఐశ్వర్యానికీ మధ్య
ఇన్నేళ్లూ అడ్డుపడింది
ఆ అరగంటేనని ఇప్పుడు తెలిసింది.
అట్ట మీద ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వుతాడు.
చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు,
కొనేవాడు ఇంకా లోకువ.
అయినా అబద్ధమెందుకు,
నలభయ్యో పేజీలో ఒక మాట ఉంది:
పడుకోబోయే ముందు ఒక బాకీ తీర్చు, ఎంత చిన్నదైనా.
ఆ రాత్రే వెళ్లి రొట్టెల కొట్టులో
ఆరువందల పెసోలు ఇచ్చొచ్చాను.
వాడు ఎప్పుడో మరిచిపోయాడట.
నిద్ర బాగా పట్టింది, ఒప్పుకుంటున్నాను.

ప్రేమకథ గురించి ఎక్కువ చెప్పను.
ఇద్దరూ అందంగా ఉంటారు,
ఇద్దరికీ అద్దె బెంగ లేదు.
చివరి ఇరవై పేజీలు ఎవరో చింపేశారు.
వెతకలేదు.

హత్యల నవలకి మాత్రం అన్యాయం జరిగింది.
నాకన్నా ముందు చదివిన మహానుభావులెవరో
వంటవాడి పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టారు,
పన్నెండో పేజీలోనే.
అలాంటివాళ్లని మెట్ల దారిన నడిపించాలి,
వానాకాలంలో.

ఇక అయిదోది.
నిన్నటిదాకా చిల్లర పెట్టె పక్కనే ఉంది.
అందరూ శిఖరానికి చేరొచ్చు అంటుంది అట్ట.
నాకు తెలిసిన శాస్త్రమంతా ఈ ఉక్కు తాడు:
ఈ కొసన ఒక బండి పైకి రావాలంటే
ఆ కొసన ఒకటి కిందికి దిగాలి.
రాసినాయన ఎప్పుడూ
నా కిటికీలోంచి చూసినట్టు లేడు.

కానీ ఎవరో దీన్ని ఆకుపచ్చ సిరాతో చదివారు.
తొమ్మిదో పేజీ అంచున, రేపటి నుంచి.
ముప్పై ఒకటిలో, ఈసారి నిజంగా.
అరవయ్యో పేజీలో అమ్మ మందుల లెక్క,
కూడిక తప్పు.
ఎనభై నాలుగులో ప్రిస్కా అన్న పేరు
రాసి, కొట్టేసి, మళ్లీ రాసి.
ఆ తర్వాత అంచులన్నీ తెలుపే.
ఈ నెల నేను చదివిన మంచి నవల అదే.
అచ్చక్షరాలు అడ్డమొస్తుంటే
పక్కకి జరుపుకుంటూ చదివాను.

నిన్న సాయంత్రం
పొగమంచు రేవు క్రేన్లను మెడదాకా మింగిన వేళ
ఓడల ఆఫీసు చొక్కా కుర్రాడొకడు బండి దిగాడు.
జేబు మీద ఆకుపచ్చ మరక.
పుస్తకం చూపించాను.
నాది కాదండీ అన్నాడు,
మరీ తొందరగా.

సరే, కాదు.

నా నీలం పెన్నుతో కూడిక దిద్దాను.
వేసుకున్నదానికన్నా
తొమ్మిదివేలు తక్కువే అవుతుంది.
చెబుదామని తలెత్తితే
వాడు మలుపు దాటేశాడు.
అరవయ్యో పేజీ మూల మడిచి,
రోజూ వాడు కూర్చునే కిటికీ సీటు మీద పెట్టి
గంట కొట్టాను.